టీచర్ గారిని అడగండి: ఆ ఇరవై మార్కులు ఎవరివి?

(ప్రభుత్వ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి, ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరైన ఖమ్మం జిల్లా టీచర్ ఈ శీర్షికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిస్తారు.)

ప్ర: టీచర్ గారికి నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. టెన్త్‌లో ఇంటర్నల్ మార్కులు తీసేస్తున్నామని 2024 నవంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం చెప్పింది. మర్నాడే, ఈ ఏడు కాదు వచ్చే ఏడు నుంచి అంది. తీరా ఆ ఏడు వచ్చాక 2025–26లో కూడా రాత పరీక్షకు 80, బడిలో వేసే ఇంటర్నల్స్‌కు 20 అనే పద్ధతే అంది. పిల్లను దేనికి తయారుచేయాలండీ? దానికంటే మాకే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, మిర్యాలగూడ

జ: రాత పరీక్షకే తయారుచేయండి. 80కి రాసినా 100కి రాసినా చదవాల్సింది అవే పాఠాలు. కొన్నేళ్లుగా తెలంగాణలో 11 పేపర్ల బదులు ఆరే ఉన్నాయి. సైన్స్ ఒక్కటే రెండు రోజులు, భౌతికశాస్త్రం ఒకనాడు, జీవశాస్త్రం ఇంకొకనాడు. ఇంతకు ముందు ఒక్కో సబ్జెక్టును రెండు ముక్కలు చేసి చదివేవాళ్లు. ఇప్పుడు పుస్తకం మొత్తం ఒకేసారి గుర్తుండాలి. మీ అమ్మాయి భయపడాల్సింది ఏదన్నా ఉంటే అది. ఇరవై మార్కుల సంగతి కాదు.

ఆ ఇరవై మార్కుల గురించి నేనొకటి ఒప్పుకోవాలి.

టెన్త్‌లో ఈ పద్ధతి వచ్చిన కొత్తలో ఒక్కో ఫార్మేటివ్‌కు, అంటే చదువు సాగుతుండగా బడిలోనే చేసే మదింపుకు, 20 మార్కులు: క్లాసులో పాల్గొన్నందుకు 5, నోట్సుకు 5, ప్రాజెక్టు పనికి 5, స్లిప్ టెస్టుకు 5. నేను నీళ్ల మీద ప్రాజెక్టు ఇచ్చాను. ఒకమ్మాయి స్పైరల్ బైండింగ్‌తో, రంగుల అట్టతో పన్నెండు పేజీలు తెచ్చింది. బస్టాండ్ దగ్గర జిరాక్స్ షాపులో రెడీమేడ్‌గా అమ్మేవాళ్లు అవి. అందులో ఎక్కడో రాజస్థాన్ చెరువుల బొమ్మలున్నాయి. ఒక కుర్రాడు సగం వాడేసిన లెక్కల నోట్‌బుక్ తెచ్చాడు. వాళ్ల వీధిలో 23 బోర్లు. ఎవరింటిది, ఏ సంవత్సరం వేశారు, ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయి, అన్నీ గళ్లు గీసి రాశాడు. చేతిరాత కోడి గీసినట్టుంది. పాత బోర్లు 120 అడుగులు, కొత్తవి 300 దాటాయి. చివర ఒకే వాక్యం: ‘మా నాన్న బోరు ఎండింది.’ వాడికి 5 వేశాను, ఆ అమ్మాయికి 2.

ఆ సాయంత్రమే హెడ్మాస్టర్ గారి నుంచి పిలుపొచ్చింది. ‘పక్క ప్రైవేటు బడిలో అందరికీ ఇరవైకి ఇరవై వేస్తున్నారు, మన పిల్లల గ్రేడు మనమే కోసుకుంటే ఎలాగమ్మా’ అన్నారు. ఆ మాటలోనూ అబద్ధం లేదు. ఎర్ర ఇంకుతో 2 కొట్టేసి 5 వేసి, పక్కన సంతకం పెట్టాను. రెండు రోజుల తర్వాత ఆ కుర్రాడు వచ్చి అడిగాడు: ‘టీచర్, అందరికీ ఐదేనా?’

తనిఖీ లేదనుకోకండి. వేరే బడుల టీచర్లు బృందంగా వచ్చి రికార్డులు చూస్తారు. నేనూ వెళ్లాను. ఒక్క పూటలో అన్ని సబ్జెక్టుల రికార్డులు. అట్టలు లెక్కపెట్టి, టీ తాగి, సంతకం పెట్టి రావడమే ఎక్కువసార్లు జరిగింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఇంటర్నల్స్‌ను 2019లోనే తీసేశారు. కరోనాతో 2020, 2021లో పరీక్షలే జరగలేదు. తీరా 2022లో జరిగితే ఉత్తీర్ణత 67.26 శాతం. 2019లో అది 94.88. రెండేళ్లు బడి సరిగా లేని పిల్లలు రాసిన పరీక్ష అది, మొత్తం తప్పు ఇరవై మార్కులు పోవడం మీదకు నెట్టలేం. నన్నడిగితే ఆ ఇరవై ఉండాలి. మూడు గంటల పేపర్లో ఆ 23 బోర్లు ఎక్కడ రాస్తాడు వాడు? కాకపోతే టీచర్ రెండు వేస్తే అది రెండుగానే ఉండనివ్వాలి.

ప్ర: మా మనవడు కేంద్రీయ విద్యాలయలో ఐదో తరగతి. లెక్కల్లో వెనక. ఇప్పుడు ఐదులోనే ఫెయిల్ చేస్తారట కదా, నిజమేనా? విద్యాహక్కు చట్టం ఉండగా ఎలా చేస్తారు?
– ఒక తాతయ్య, వరంగల్

జ: నిజమే. 2009 చట్టంలో ఎనిమిది దాకా ఏ తరగతిలోనూ ఆపకూడదని ఉండేది. 2019లో దాన్ని సవరించారు. ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టి, తప్పినవాళ్లను ఆపాలా వద్దా అన్నది ప్రభుత్వాలకు వదిలారు. 2024 డిసెంబర్‌లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు దాని కిందికే వస్తాయి.

అయితే పరీక్ష తప్పగానే ఆపేయరు. అదనంగా పాఠాలు చెప్పి, రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెట్టాలి. అందులోనూ తప్పితేనే అదే తరగతి. అప్పుడు కూడా బడి నుంచి పంపించేయడానికి వీల్లేదు. ఎక్కడ తడబడుతున్నాడో క్లాస్ టీచర్ పిల్లవాడికీ, అవసరమైతే తల్లిదండ్రులకూ చెప్పి దారి చూపాలి. ఆగిన పిల్లల జాబితా ప్రిన్సిపాల్ దగ్గరుండాలి. ఈ చివరి రెండూ మీరు అడిగి చేయించుకోవాల్సినవి. బాబు భాగహారంలో ఆగుతున్నాడా, లేక ప్రశ్న చదవడంలోనే ఆగుతున్నాడా కనుక్కోండి. నా అనుభవంలో సగం మంది రెండో రకం.

ప్ర: మేము టెక్సస్‌లో ఉంటాం. మా వాడు ఎయిత్ గ్రేడ్. ఇక్కడ రాష్ట్రం పెట్టే స్టార్ పరీక్షలో మ్యాథ్స్ పోయింది. మా అత్తగారు విజయవాడ నుంచి రోజూ ఫోన్ చేసి ‘ఏడాది పోయిందా’ అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?
– ఒక కోడలు, ఫ్రిస్కో

జ: పోలేదని చెప్పమ్మా. మీ రాష్ట్రంలో ఐదు, ఎనిమిది గ్రేడుల్లో స్టార్ పాసైతేనే పై తరగతి అనే నియమాన్ని 2021లో తీసేశారు. దాని బదులు తప్పిన సబ్జెక్టులో అదనపు బోధన ఇవ్వాలి. అది బాబుకు ఎప్పుడు, ఎన్ని గంటలు ఇస్తారో స్కూలును అడుగు. మేము ఇక్కడ తలుపు మూసే వేళకు మీరక్కడ తెరిచారు, చూశావా.

హైస్కూలుకు వెళ్లాక మాత్రం జాగ్రత్త. డిగ్రీ పట్టా కాదులే, హైస్కూలు డిప్లొమా సంగతి. 2013కు ముందు 15 పరీక్షలు రాయాల్సి వచ్చేది. ఆ ఏడు వచ్చిన చట్టంతో అవి ఐదయ్యాయి. వాటిలో ఒకటి రెండు తప్పినా స్కూలు కమిటీ ఒకటి కూర్చుని పిల్లవాడి మిగతా పని చూసి డిప్లొమా ఇవ్వచ్చు. స్టార్ కూడా ఎంతో కాలం ఉండదు. 2027–28 నుంచి ఏడాదిలో మూడు చిన్న పరీక్షలు పెట్టాలని 2025లో చట్టం చేశారు. ఇదంతా మీ అత్తగారికి చెప్పకు. ‘పై క్లాసుకు వెళ్తున్నాడు అత్తయ్యా’ అను, చాలు.

ప్ర: నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఈసారి టెన్త్‌లో 100 శాతం రాకపోతే షోకాజ్ నోటీసు ఇస్తామని మీటింగ్‌లో చెప్పారు. నా క్లాసులో కూడికలు కూడా రాని పిల్లలు ఆరుగురు ఉన్నారు మేడమ్. నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపేలోపు వాళ్లను ఏదో ఒకటి చేయమని చెవిలో చెప్పేవాళ్లూ ఉన్నారు.
– పేరు వద్దు

జ: ఆ చెవిలో మాట వినకు నాయనా. తొమ్మిదిలోనే టీసీ చేతికిచ్చి పంపించి 100 శాతం చూపించుకున్న బడులు నాకు తెలుసు. పిల్లవాడు పోయాడు, ఫ్లెక్సీ మిగిలింది.

పాతికేళ్ల సర్వీసు తర్వాత నాకూ ఒక నోటీసు వచ్చింది. జవాబు రెండు పేజీలు రాశాను. దానికి హాజరు పట్టీ జతచేశాను. ఫెయిలైన తొమ్మిది మందిలో ఏడుగురు సంక్రాంతి నుంచి మార్చి దాకా వారంలో మూడు రోజులు రాలేదు. మా వైపు అది మిరప కోతల కాలం. పిల్లలకు కూడా కూలి ఇస్తారు. జూన్‌లో ఎవరికి ఎంత వచ్చో, డిసెంబర్‌కు ఎంత వచ్చిందో ఒక పాత రిజిస్టర్లో రాసుకున్నాను. ఆ పేజీల జిరాక్స్ కూడా పెట్టాను. అందులో ఒక పిల్ల జూన్‌లో మూడో ఎక్కం రానిది, డిసెంబర్‌కు శాతాలు చేసింది. ఫలితాల్లో మాత్రం ఆమె ఫెయిలే.

నా జవాబుకు ఎవరూ ఏమీ అనలేదు. ఇంక్రిమెంటూ ఆగలేదు. నువ్వూ ఆ ఆరుగురికీ ఇవాళే తలా ఒక పేజీ తెరువు. ఏం వచ్చో, ఏం రాదో తేదీ వేసి రాయి. ఆ రిజిస్టర్ స్కూలు బీరువాలో పెట్టకు, ఇంటికి తెచ్చుకో.