మొహం మొత్తిన పాటలు, మారిపోయిన గొంతులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే గొడవ. అభిమాన గాయకుడి పాట నచ్చకపోతే ఏం చెయ్యాలి, ఆయన తీరు మారిపోతే ఏమనుకోవాలి అని. అందుకే అన్నీ ఒకచోట వేస్తున్నాను. పేర్లు వద్దని చాలామంది రాశారు కాబట్టి ఎవరివీ వెయ్యలేదు, ఏ పేట నుంచి రాశారో అదే వేశాను.

ప్రశ్న: అక్కా, మేం నలుగురం బెంగళూరు మారతహళ్లిలో ఒకే ఫ్లాట్‌లో ఉంటాం. విజయవాడలో ఇంటర్ కలిసి చదివాం, 'థింకింగ్ ఔట్ లౌడ్' రోజుల నుంచీ నలుగురికీ ఇంగ్లండ్ గాయకుడు ఎడ్ షీరన్ అంటే పిచ్చి. ఇప్పుడు ఆయన పేరెత్తితే ఇంట్లో గొడవ. నాకు 'షేప్ ఆఫ్ యూ' మొదటి నుంచీ పడదు, 'బ్యాడ్ హ్యాబిట్స్' అస్సలు పడదు. ఈమధ్య 'అజీజమ్' విన్నాక, ఇక ఈయన మన షీరన్ కాదురా, డబ్బు కోసం గిటార్ పక్కన పడేసి డాన్సు పాటలు చేసుకుంటున్నాడు అన్నాను. అంతే, నువ్వసలు ఫ్యాన్‌వే కాదని మా రూమ్మేట్ తన కారులో నాకు పాట పెట్టే ఛాన్సు కూడా లేకుండా చేశాడు. నచ్చని పాటలుంటే అభిమాని కానట్టేనా? ఆయన మారింది నిజమా కాదా? మీరే తేల్చండి. (మారతహళ్లి)

జవాబు: తమ్ముడూ, మొదటిదానికి జవాబు సులువు. నువ్వు అభిమానివే. ఏ పాట నచ్చలేదో పేరు పెట్టి చెప్పగలుగుతున్నావంటే ఆ పాటలన్నీ విన్నట్టే కదా. అన్నీ సూపర్ అనేవాళ్లు నిజంగా అన్నీ విన్నారా అని నాకు అనుమానం.

రెండోది కాస్త ఓపిగ్గా మాట్లాడుకోవాలి. ఆయన మారాడు, నిజమే. కానీ ఎప్పటి నుంచి? నువ్వు ఇంటర్‌లో విన్న 'థింకింగ్ ఔట్ లౌడ్' 2014లో వచ్చిన 'మల్టిప్లై' ఆల్బమ్‌లోది. ఆ ఆల్బమ్ నుంచి అందరికంటే ముందు బయటికొచ్చిన పాట 'సింగ్', అమెరికా సంగీతకారుడు ఫారెల్ విలియమ్స్ చేశాడు, గొంతు సన్నగా పైకి లేపి పాడే ఊపు పాట. 2011లో 'ప్లస్' ఆల్బమ్‌లోని 'ది ఎ టీమ్' విని, అంటే ఇల్లూ వాకిలీ లేక మత్తుమందుకు బానిసైన ఒక అమ్మాయి గురించి ఒక్క గిటార్‌తో మెల్లగా పాడిన పాట విని ప్రేమలో పడ్డవాళ్లకు 'సింగ్' ఎలా మింగుడు పడుతుంది చెప్పు? అయినా బ్రిటన్‌లో ఆయనకు మొదటి నంబర్ వన్ తెచ్చింది ఆ 'సింగ్' పాటే. నువ్వు పాత షీరన్ అంటున్న మనిషే అప్పటికి ఇంకొకరికి మారిపోయిన షీరన్. ఎవరు ఏ స్టాపులో ఎక్కితే బస్సు అక్కడి నుంచే బయల్దేరిందనుకుంటారు, నేనూ అంతే.

గాయకుడు మారాడు అనిపించినప్పుడు నేను ముందు చూసేది ఈసారి ఆయన పక్కన కూర్చుని పాట కట్టిందెవరు అని. 'షేప్ ఆఫ్ యూ'కి స్టీవ్ మాక్, 'బ్యాడ్ హ్యాబిట్స్'కి ఫ్రెడ్ గిబ్సన్, 2023లో వచ్చిన 'సబ్‌ట్రాక్ట్' ఆల్బమ్‌కి ఆరన్ డెస్నర్, 'అజీజమ్'కి ఇరాన్ మూలాలున్న స్వీడన్ సంగీతకారుడు ఇల్యా. అజీజమ్ అంటే పర్షియన్‌లో 'నా ప్రియమైన' అని అర్థం, ఇల్యా ఇంటి భాష నుంచి వచ్చిన పాట అది. గొంతు అదే, గది మారింది. నీకు పడనిది గొంతా గదా అన్నది తేల్చుకుంటే సగం గొడవ తగ్గుతుంది.

డబ్బు కోసమే అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. 2022 మొదట్లో ఆయన భార్య కడుపుతో ఉండగా ఆమెకు కణితి ఉందని తెలిసింది, అదే ఫిబ్రవరిలో ప్రాణస్నేహితుడు జమాల్ ఎడ్వర్డ్స్ చనిపోయాడు. పదేళ్లుగా 'సబ్‌ట్రాక్ట్' కోసం కూడబెట్టుకున్న పాటలన్నీ పక్కన పెట్టేసి, వారం రోజులు అటూ ఇటూగా కొత్తవి రాసుకున్నాడు. లెక్కలు వేసుకునేవాడు అలాంటి ఆల్బమ్ చెయ్యడు. గిటార్ పోయిందని బాధపడే నువ్వు ఆ ఆల్బమ్ పేరు కూడా ఎత్తలేదు, వినకపోయుంటే ముందు అది విను.

ఇక 'షేప్ ఆఫ్ యూ'. ఆ పాట మొదలుపెట్టినప్పుడు ఆయన మనసులో ఉన్నది రిహానా, ఆమెకిద్దామనుకున్నారు. వేరేవాళ్ల కొలతలకు కుట్టిన చొక్కా లాంటిది, అందుకే నీకు ఆయన ఒంటి మీద అతకనట్టు అనిపిస్తోందేమో. ఇంకో కారణం కూడా ఉండొచ్చు, అది మొహం మొత్తడం. 2017లో ఈ ఊళ్లో ఏ మాల్‌కెళ్లినా, ఏ జిమ్‌కెళ్లినా అదే మోగేది. బ్రిటన్‌లో అయితే 'డివైడ్' ఆల్బమ్ వచ్చిన వారం అందులోని 16 పాటలూ టాప్ 20లో కూర్చున్నాయి, ఆ దెబ్బకు ఒకరి పాటలు మూడుకు మించి చార్టులో ఉండకూడదని ఆ ఏడాదే రూలు మార్చారు. పులిహోర ఎంత బాగున్నా పూటపూటా పెడితే ఆకు తియ్యమంటాం, అప్పుడు తప్పు పులిహోరది కాదు. ఓ నెల రోజులు ఆ పాట జోలికి పోకుండా ఉండి, ఒక రాత్రి ఇయర్‌ఫోన్లలో మెల్లగా పెట్టుకుని విను. అప్పటికీ నచ్చకపోతే అది నీ మాట.

'బ్యాడ్ హ్యాబిట్స్' విషయంలో నేను పూర్తిగా నీ వైపే. ఆ మాటల్లో తనని తాను నిలదీసుకునే మనిషి ఒకడున్నాడు, ఆ కీబోర్డు మోత కింద పడి నలిగిపోయాడు. ఈ మాట మీ రూమ్మేట్‌కి చూపించు. సిల్క్ బోర్డ్ దాకా ట్రాఫిక్‌లో ఎలాగూ గంట పడుతుంది, తలా ఒక పాట పెట్టుకుని, నచ్చనివాడు ఎక్కడ నచ్చలేదో సరిగ్గా ఆ చోటే చెప్పాలని ఒప్పందం చేసుకోండి.

ప్రశ్న: 2025 ఫిబ్రవరిలో షీరన్ చెన్నైలో రెహమాన్‌ని స్టేజీ ఎక్కించుకున్నాడు, బెంగళూరులో శిల్పారావుతో కలిసి 'చుట్టమల్లే' పాడాడు. ఆ తర్వాత అరిజిత్ సింగ్‌తో 'సఫైర్'. ఏ ఊరికెళ్తే ఆ ఊరి పాట, ఇదంతా చప్పట్ల కోసం కాదా అండీ? (వడపళని, చెన్నై)

జవాబు: బెంగళూరు కచేరీకి నేనూ వెళ్లాను. మాదావర దగ్గర నైస్ గ్రౌండ్స్‌లో, 8, 9 తేదీల్లో రెండు రోజులు జరిగింది. శిల్పారావు వచ్చి పక్కన నిలబడి, గిటార్ మీద 'చుట్టమల్లే' మొదలవగానే మా వరసలో తెలుగువాళ్లెవరో ఒక్క క్షణంలో తెలిసిపోయింది, అందరం ఒకేసారి ఫోన్లు దించేసి పాడటం మొదలుపెట్టాం. నా పక్కన కన్నడ అమ్మాయి, కాలేజీ పిల్ల, నా చెయ్యి పట్టుకుని చుట్టమంటే ఏంటి ఆంటీ అని అడిగింది. నెంటరు అన్నాను. ఓ, నెంటర తరహా అని తనకు తనే చెప్పుకుని, ఆ ఒక్క మాటే పాట అయిపోయేదాకా గట్టిగా పాడింది. ఆయన ఆ మాటలు తన యాసలోనే పాడాడు, కానీ నేర్చుకుని పాడాడు. రామజోగయ్య శాస్త్రి మాటలు, అనిరుధ్ బాణీ ఒక ఇంగ్లండ్ కుర్రాడి గిటార్ మీద వినపడుతుంటే నాకు కళ్లు చెమర్చాయి. చప్పట్ల కోసమే అయితే ఆయన దగ్గర పాటలకు కొరతా?

మీ చెన్నైలో జరిగింది నాకు ఇంకా పెద్ద విషయం. 'షేప్ ఆఫ్ యూ'ని రెహమాన్ 'ఊర్వశి'తో కలిపి పాడారు, 1990ల పాటా 2017 పాటా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. పైన ఉత్తరం రాసిన మారతహళ్లి తమ్ముడు ఆ వీడియో ఒకసారి చూడాలి.

'సఫైర్' మాత్రం నాకు సగమే నచ్చింది. అరిజిత్ గొంతు వచ్చిన చోట పాట నిలబడుతుంది, మళ్లీ వెంటనే పరుగెత్తిపోతుంది. ఆయనకు ఇంకో నిమిషం ఇచ్చి ఉండాల్సింది.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి. అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ అంటే ప్రాణం, అందులోనూ 'మీ!' అనే పాట. స్కూలు బస్సులో పెద్ద క్లాసు పిల్లలు స్విఫ్ట్ పాటలన్నిట్లోకీ చెత్త పాట అదేనని నవ్వారట. ఇంటికొచ్చి ఆ పాట నా ఫోన్లోంచి తీసేసి, అన్నం తినకుండా పడుకుంది. నాకు ఇంగ్లీషు పాటల గురించి ఏమీ తెలియదు, ఏం చెప్పాలో అర్థం కావట్లేదు. (వైట్‌ఫీల్డ్)

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. పిల్ల ఒక పాటను సిగ్గుపడి తీసేసిందంటే అది చిన్న సంగతి కాదు.

ముందు మీకు తెలియాల్సిన కథ ఒకటుంది. ఆ పాట 2019 ఏప్రిల్‌లో వచ్చినప్పుడే పెద్దవాళ్లయిన అభిమానులు చాలామంది మొహం చిట్లించారు. మధ్యలో ఒకచోట పాట ఆపి, పిల్లల్ని పిలిచి స్పెల్లింగ్ భలే సరదా అన్నట్టు ఒక మాట అంటుంది, దాని మీద ఎంత వెక్కిరింపు నడిచిందో. ఆగస్టులో 'లవర్' ఆల్బమ్ వచ్చేసరికి ఆ మాట లేదు, తీసేశారు. అంటే బస్సులో పిల్లలు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, వాళ్లకంటే ముందు ఎవరో అన్న మాటలే మళ్లీ అంటున్నారు.

ఇంకోటి చెప్పండి మీ అమ్మాయికి. 'మీ!' వచ్చాక ఏడాదిన్నర తిరక్కుండానే, 2020 జులై 24న, లాక్‌డౌన్‌లో అదే స్విఫ్ట్ 'ఫోక్‌లోర్' అనే ఆల్బమ్ తెచ్చింది. హంగులేమీ లేకుండా పియానో, గిటార్, కథ చెబుతున్నట్టుండే పాటలు. 2021లో దానికి ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా గ్రామీ అవార్డు వచ్చింది. పైన చెప్పిన ఆరన్ డెస్నర్ ఇందులోనూ ఉన్నాడు. 2006లో కంట్రీ అనే అమెరికా పల్లె బాణీ పాటలతో మొదలైన స్విఫ్ట్, 2014లో '1989'తో పూర్తిగా పాప్‌లోకి వచ్చింది, మళ్లీ ఇటు తిరిగింది. ఇన్ని మలుపులు తిరిగినావిడ పాటల్లో పన్నెండేళ్ల పిల్లకు పన్నెండేళ్లకు తగ్గ పాట నచ్చితే తప్పేముంది?

ఇవన్నీ ఒకేసారి పాఠంలా చెప్పొద్దు. సాయంత్రం మీరు వంటింట్లో ఉన్నప్పుడు, ఆ పాట నాకొకసారి పెట్టవా, ఎక్కడ బాగుంటుందో చూపించు అని అడగండి. బాగుందని మీరు అబద్ధం చెప్పక్కర్లేదు, చివరిదాకా విన్నారని పిల్లకు తెలిస్తే చాలు.

ప్రశ్న: పోయిన సంచికలో మీరు షీరన్ 'గాల్వే గర్ల్'ని అతుకుల బొంత అని ఒక్క మాటలో కొట్టిపారేశారు. నా పెళ్లిలో మేం ఆ పాటకే డాన్సు చేశాం. కారణం చెప్పకుండా తిట్టడం న్యాయమేనా? (కోరమంగళ)

జవాబు: న్యాయం కాదు, ఒప్పుకుంటున్నాను. క్షమించండి. ఎక్కడ నచ్చలేదో చెప్పమని ఊరందరికీ చెబుతూ నేనే చెప్పకపోవడం తప్పు. ఇప్పుడు చెబుతాను. చరణంలో ఆయన గబగబా మాటలు అప్పజెబుతాడు, ర్యాప్ లాగా. పల్లవికి రాగానే ఐరిష్ ఫిడేలు దూకుతుంది. ఆ రెంటికీ మధ్య మెట్టు లేదు, ప్రతిసారీ నా చెవి అక్కడ తట్టుకుని పడుతుంది. పోనీ ఫిడేలు బాగాలేదా అంటే అద్భుతంగా ఉంది, వాయించింది బియోగా అనే ఉత్తర ఐర్లండ్ జానపద బృందం. నాకు ఆ పాటలో ఇష్టమైంది వాళ్లే.

ఇంకో సంగతి మీ పక్షాన చెప్పాలి. జానపదం ఇప్పుడెవరు వింటారని కంపెనీవాళ్లు ఈ పాట వద్దన్నారని, తనే పట్టుబట్టి పెట్టించానని షీరన్ చెప్పాడు. చివరికి బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది. పాట నాకు నచ్చదు, ఆ పట్టుదల మాత్రం చాలా నచ్చుతుంది. మీ పెళ్లి వీడియో ఉంటే పంపండి, ఆ పాటకు అడుగులెలా పడ్డాయో చూడాలనుంది.

ప్రశ్న: మొదటిసారి విన్నప్పుడు ఛీ అనుకున్న పాట పది రోజులకు మనమే కూనిరాగం తీస్తామెందుకు? (జయనగర్)

జవాబు: అలవాటు. అర్థం తెలియని మాటలనైనా ఎక్కువసార్లు చూపిస్తే మనుషులకు అవే బాగున్నట్టు అనిపిస్తుందని 1968లోనే మనస్తత్వ శాస్త్రంలో పరీక్షించి చూశారు. రెహమాన్ పాట వినగా వినగా ఎక్కుతుందని మనవాళ్లు 'రోజా' రోజుల నుంచీ అంటున్నది ఇదే. అయితే దీనికీ ఒక హద్దుంది, అది దాటితే పైన చెప్పిన పులిహోర కథ.

ప్రశ్న: అమ్మా, నాకు అరవై ఏడేళ్లు. ఘంటసాల, బాలు దాటి చెవి ముందుకు పోదు. మా మనవరాలు రోజంతా ఈ షీరన్‌నే పెడుతుంది, నాకు అన్నీ ఒకేలా వినిపిస్తాయి. తనతో మాట కలపడానికి ఒక్క పాట చెప్పు, ఒక్కటే. (మల్లేశ్వరం)

జవాబు: బాబాయ్ గారూ, 'కాజిల్ ఆన్ ద హిల్' పెట్టమనండి. ఇంగ్లండ్‌లో సఫోక్ అనే జిల్లాలో ఫ్రామ్లింగమ్ అని ఒక చిన్న ఊరు, ఆ ఊళ్లో పాత కోట, ఆయన పెరిగింది అక్కడే. చిన్నప్పటి స్నేహితులు ఎవరెవరు ఏమైపోయారో తలుచుకుంటూ కారులో ఊరికి పోతున్న మనిషి పాట. మీ ఊరి పేరు మీరు రాయలేదు కానీ, అది వింటుంటే మీకు మీ ఊరి దారి గుర్తొస్తుందని నా నమ్మకం. మొదట్లో డ్రమ్ముల మోత కాస్త ఎక్కువే, ఓర్చుకోండి. మాటల అర్థం మనవరాలినే అడగండి, తను చెబుతుంటే మధ్యలో ఆపకండి. నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, ఏ చోట చెవి అడ్డం తిరిగిందో మాత్రం తప్పకుండా రాయండి, వచ్చే సంచికలో వేస్తాను.