లటాకియా మాగబెడతానంటున్న మా చిన్నోడికి

టెక్కలి

ఒరే చిన్నోడా,

విజయనగరంలో ఇల్లు కడుతూ, లటాకియా అనే పొగబెట్టిన ఆకు కలిపిన పైపు పొగాకు మాగబెట్టడానికని కింద ఓ గది తవ్విస్తున్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఏటి వీడికీ పిచ్చి అని కసిరాను గానీ, ఫోను పెట్టేశాక నవ్వుకున్నాను. నా పైపు ఇంకా బీరువాలోనే ఉంది మరి.

పొగాకు నింపే సీసాలు మరగబెట్టి ఎండలో ఆరబెట్టు. చిన్నవే కొను. తారీకు రాయి. ఆవకాయ జాడీ జోలికి పోకు, దాని మూత గాలి ఆపదు. పైగా మీ పెద్దమ్మ ఊరుకోదు.

ఇక బూజు సంగతి. ఓడ మీద పనిచేసిన రోజుల్లో లటాకియా కలిపిన పొగాకు పావు కిలో తెచ్చుకున్నాను. సైప్రస్‌లో ఆకుని కొట్టంలో వేలాడదీసి, కింద పైన్ కట్టెలు, వాసన పొదలు రాజేసి పొగబెడతారు. మూత తీస్తే వానాకాలం మన వంటింట్లో తడి కట్టెల వాసనే. అటక మీద పెట్టాను. వేసవికి పెంకుల కింద గలగల ఎండిపోయింది. తెలివి ఎక్కువై తడి గుడ్డ ముక్క వేసి మూత బిగించాను. శ్రావణంలో తీస్తే ఆకు మీద తెల్లగా పట్టి ఉంది. పాత పొగాకు మీద తెల్లటి పలుకులు తేలతాయని ఎవరో చెప్పారు, అవే అనుకుని పొంగిపోయాను. ఇద్దరు స్నేహితుల్ని పిలిచి మరీ పైపులు నింపాను. నాలుగు దమ్ములకే గొంతు పట్టేసి ముగ్గురం ఒకటే దగ్గు! పలుకులైతే దీపానికి మెరుస్తాయిరా; బూజు దూదిలా పీచుపీచుగా ఉంటుంది. వాసన తెలీలేదేం అంటావా? ఆ పొగ వాసన కింద ముక్కిన వాసన దాక్కుంది. మొత్తం పెంట మీద పారబోశాను.

అందుకే తడి గుడ్డ మాట తలపెట్టకు. వేళ్లతో నొక్కి వదిలితే ఆకు మెల్లగా విచ్చుకోవాలి, అంత తడి చాలు. నేల కింద గదంటే కూడా నాకు భయమే. 2018లో తిత్లీ తుఫాను నాడు మా గచ్చంతా నీళ్లే. నడింట్లో, ఎండ తగలని గోడ వైపు, బీరువా కింది అర చాల్దేటి? వర్జీనియా రకం ఆకు ఎక్కువున్నది ఏళ్ల తరబడి ఉంచు, దాని తీపి మాగుతుంది. లటాకియా ఘాటు మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడిపోతుంది. అదే కావాలంటే ముందే తాగెయ్.

తాగెయ్ అన్నానని రోజూ తాగకు. మా నాయనమ్మ అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని. అంగుడు తెల్లబారి, పుండై, చివరికి అంబలి కూడా మింగలేకపోయింది. నేను మానేసింది అందుకే. పండక్కి వచ్చినప్పుడు నోరు తెరువు, టార్చి వేసి చూస్తాను. కోప్పడకు.

వచ్చేటప్పుడు ఓ చిన్న సీసా పట్రా. వాసన చూస్తాను, అంతే.

మీ పెదనాన్న