‘మీ అమ్మ పక్కన చోటుందా?’ అని అడిగిన నాన్న

ఉత్తరం: మా నాన్నగారికి 72 ఏళ్లు. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. గుంటూరు జిల్లాలో మా ఊరి లూథరన్ సంఘంలో చాలా ఏళ్లు పెద్దగా ఉన్నారు. పాంక్రియాస్ క్యాన్సర్, లివర్‌కి కూడా పాకింది. కీమోకి ఒళ్లు తట్టుకోదు, ఇంటికి తీసుకెళ్లమన్నారు. అమ్మ పోయి ఆరేళ్లయింది, నాన్న నా దగ్గరే ఉంటున్నారు. పగలు బాగానే ఉంటారు. రాత్రయితే వణుకుతారు, చెమటలు పడతాయి, ‘లైటు ఆపకమ్మా’ అంటూ నా చెయ్యి వదలరు. మా అన్నయ్య సేవకుడు, సొంతంగా సంఘం నడుపుతున్నాడు. మూడు నెలల కిందటే ‘ప్రభువు మా నాన్నను స్వస్థపరిచాడు’ అని సాక్ష్యం చెప్పాడు. వారానికి రెండుసార్లు నలుగురు విశ్వాసులను తీసుకొచ్చి, నూనె రాసి, గట్టిగా ప్రార్థన చేసి వెళ్తాడు. పోయిన నెల నాన్న ‘మీ అమ్మ పక్కన చోటుందా?’ అని అడిగితే, అవిశ్వాసపు మాటలని గద్దించాడు. చివరి ఘడియల్లో ఆత్మ మత్తులో ఉండకూడదని, యేసు కూడా సిలువ మీద మత్తు పుచ్చుకోలేదని, నొప్పికి వేసే మార్ఫిన్ మాత్రలు తీసుకుపోయాడు. దైవజనుడికి ఎదురు చెప్తే శాపమేమోనని నాకు భయం. గొడవలు వద్దంటారు మావారు. ఇంత భయపడుతున్నారంటే నాన్నకు రక్షణ నిశ్చయత లేదనేగా? ఏ వాక్యం చదివి వినిపిస్తే ఆయన భయం పోతుంది?
— ఒక కూతురు

అమ్మా,

మీ నాన్నగారి రక్షణ గురించి మీరు నన్ను అడగక్కర్లేదు. నేను చెప్పక్కర్లేదు. ‘ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు’ అని కాపరి అన్నాడు. గొర్రె వణకకుండా ఉంటేనే అనలేదు. చేతులు ఆయనవి, పట్టు ఆయనది. ఏ వాక్యం చదవాలన్న ప్రశ్నా అంతే. మీకు వాక్యం నేర్పిందే ఆ మాస్టారు. ఆయనకు తెలియని వచనం వెతికి తెచ్చి, జ్వరానికి మాత్ర వేసినట్టు భయానికి వేద్దామనుకుంటున్నారు. అలా పనిచేయదు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రతిసారీ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను: ‘మీ అమ్మ పక్కన చోటుందా?’

అది భయంతో వచ్చిన మాట అని మీరూ, అవిశ్వాసమని మీ అన్నయ్యా అనుకున్నారు. ఆదికాండము 49వ అధ్యాయం తీయండి. యాకోబు ఐగుప్తులో మంచం మీద ఉన్నాడు. కొడుకులందరినీ పిలిచి ఆశీర్వదించాక, తనను ఎక్కడ పెట్టాలో వివరంగా చెప్పాడు. కనానులో మక్పేలా పొలంలో ఉన్న గుహ, హిత్తీయుడైన ఎఫ్రోను దగ్గర అబ్రాహాము కొన్నది. అక్కడ అబ్రాహామునూ శారానూ పాతిపెట్టారు, ఇస్సాకునూ రిబ్కానూ పాతిపెట్టారు, అక్కడే నేను లేయాను పెట్టాను అన్నాడు. బతికినంతకాలం రెండో భార్య రాహేలే ప్రాణమనుకున్న మనిషి, చివరికి తన పిల్లల్లో సగంమందికి తల్లయిన లేయా పక్కన చోటు అడిగాడు. ఆయన్ని ఎవరూ గద్దించలేదు. కొడుకులు మోసుకెళ్లి అక్కడే పెట్టారు.

యాకోబు కొడుకు యోసేపూ అంతే, తన ఎముకల గురించి చెప్పిపోయాడు. ఆ అప్పగింతను హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం విశ్వాసవీరుల పట్టికలో చేర్చింది. ఐగుప్తును ఏలిన సంగతి కాదు, కరవు నుంచి దేశాన్ని కాపాడిన సంగతి కాదు. ‘తన శల్యములను గూర్చి’ ఆజ్ఞాపించడమే అతని విశ్వాసానికి గురుతుగా రాశారు. మీ నాన్నగారు సరిగ్గా ఆ పనే చేశారు. పునరుత్థానాన్ని నమ్మే మనిషే తన ఒంటిని ఎక్కడ ఉంచాలో అంత నెమ్మదిగా అడగగలడు. మీ అందరికంటే ఎక్కువ నిశ్చయతతో మాట్లాడింది ఆయనే. మీరిద్దరూ ఆయన నోరు మూయించారు. అన్నయ్య గద్దించి మూయించాడు, మీరు పక్కనే నిలబడి ఊరుకుని మూయించారు.

అప్పటి నుంచే ఆయన రాత్రిళ్లు లైటు అడుగుతున్నారేమో చూసుకోండి. చనిపోతున్నానని ఆయనకు తెలుసు. ముప్ఫై ఏళ్లపైగా బడిలో పిల్లల ముఖాలు చదివిన మనిషి మీ ముఖం చదవలేరా? తెలిసిన సంగతిని ఎవరితోనూ అనుకునే వీల్లేక, ఒక్కరే మోస్తున్నారు.

ఇది నాకు పుస్తకాల్లోంచి తెలిసింది కాదు. మా అమ్మ ఆఖరి రోజుల్లో ‘నా పెళ్లిచీర నీ దగ్గరే పెట్టుకోవే’ అంది. ‘అట్లాంటి మాటలు మాట్లాడకమ్మా, బాగైపోతావు’ అన్నాను. మంచి మాటే అన్నాననుకున్నాను. ఆ తర్వాత పదకొండు రోజులు బతికింది, చీర సంగతి గానీ తన సంగతి గానీ మళ్లీ ఎత్తలేదు. నీళ్లు కావాలి, దిండు సర్దు, అంతే. ఆ పదకొండు రోజులు నేను తిరిగి తెచ్చుకోలేను. మీకు ఇంకా సమయం ఉంది, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

ఇక మీ అన్నయ్య. మీ ఇంట్లో అసలు చిక్కు నాన్నగారి భయం కాదు, మీకూ మీ అన్నయ్యకూ మధ్య ఉన్నది. ఆయన దైవజనుడు, మీరు ఆడపిల్ల. ఆయన మాట ప్రవచనం, మీ మాట సణుగుడు. నాన్నగారి ఒళ్లు తుడిచేది మీరు, రాత్రంతా చెయ్యి పట్టుకునేది మీరు. ఆయనకు ఏ మందు ఉండాలో, ఆయన ఏ మాట అనొచ్చో తేల్చేది మాత్రం వారానికి రెండుసార్లు వచ్చే ఆయన. దీన్ని భక్తి అనుకుని ఇన్నాళ్లూ సర్దుకున్నారు. ఇది భక్తి కాదమ్మా, చిన్నప్పటి నుంచి అలవాటైన భయం. నాన్నగారి భయం గురించి రాసిన ఉత్తరంలో మీ భయమే ఎక్కువ కనిపించింది నాకు.

‘అభిషేకించినవారిని ముట్టకూడదు’ అన్న మాటే కదా మీ గుండెలో ఉన్నది? 105వ కీర్తన మొత్తం చదవండి. కొద్దిమందిగా, పరదేశులుగా ఊరూరా తిరుగుతున్న పితరుల జోలికి పోవద్దని దేవుడు రాజులను గద్దించిన సందర్భం అది. అండలేనివాళ్లకు అండగా పలికిన మాట. దాన్ని తెచ్చి, మంచాన పడ్డ తండ్రి తరఫున మాట్లాడబోయే చెల్లెలి నోటికి అడ్డం పెట్టడం తప్పు. పేతురు తప్పు చేస్తే పౌలు అంతియొకయలో ముఖాముఖినే ఎదిరించాడు, గలతీ పత్రికలో ఆ సంగతి రాసి మరీ పెట్టాడు. పౌలుకు ఏ శాపమూ తగల్లేదు.

అయితే మీ అన్నయ్యను దుర్మార్గుడని నేను అనను. సంఘం ముందు సాక్ష్యం చెప్పేశాడు. ఇప్పుడు తండ్రి ఒళ్లు దాన్ని అబద్ధం చేస్తోంది. తండ్రి పోతే ‘నీ ప్రార్థన ఏమైంది?’ అని అడుగుతారని వణుకుతున్నాడు. నాన్నగారి భయం రాత్రిపూటే, ఆయన భయం మూడు పూటలా. అందుకే ఒంటరిగా రాడు. వచ్చినప్పుడల్లా నలుగురు, నూనె, పెద్ద గొంతు. తండ్రి పక్కన కొడుకుగా కూర్చుని ఎన్నాళ్లయిందో అడిగి చూడండి.

గెత్సెమనేలో ప్రభువు శిష్యులతో ఏమన్నాడు? ‘మరణమగునంతగా నా ప్రాణము బహు దుఃఖములో మునిగియున్నది’ అన్నాడు. ఆ వెంటనే ‘మీరు ఇక్కడ నిలిచి, నాతోకూడ మెలకువగా నుండుడి’ అన్నాడు. పాపమెరుగనివాడు, తండ్రి చిత్తం తెలిసినవాడు, చెమట కారేంత వేదనలో తోడు అడిగాడు. చావు ఎదుట వణకడమే అవిశ్వాసమైతే ఆ తోటలో జరిగినదాన్ని ఏమంటాడు మీ అన్నయ్య? మీ నాన్నగారూ అదే అడుగుతున్నారు. లైటు ఆపకు, చెయ్యి వదలకు. మెలకువగా ఉండు.

మాత్రల సంగతి ఆలస్యం చేయకూడదు. మార్ఫిన్ వాడుతున్న మనిషికి ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, చెమటలు, గాబరా వస్తాయి, నిద్ర పట్టదు. మీరు రాసిన లక్షణాలు అచ్చం ఇవే. నొప్పి సరేసరి, అది ఎటూ రాత్రిపూటే పెద్దగా తెలుస్తుంది. అంటే విశ్వాసలోపమని మీరు కుమిలిపోతున్న దాంట్లో ఎంతో కొంత మందు ఆగిపోయిన బాధే అయి ఉండొచ్చు. రేపే మాత్రలు రాసిన డాక్టరుతో మాట్లాడండి. ఎన్ని రోజులు ఆగిపోయిందో దాచకుండా చెప్పండి. మధ్యలో మానేసినవాళ్లకు పాత మోతాదు ఒకేసారి వేయకూడదు, ఎంతతో మొదలుపెట్టాలో ఆయనే చెప్పాలి. మామూలు మార్ఫిన్ మాత్ర 4 గంటలకోసారి వేస్తారు, ఆ వేళలు తప్పనివ్వకండి. మలబద్ధకానికి మందు కూడా అడిగి రాయించుకోండి. క్యాన్సర్ నొప్పికి ఈ మందు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పింది. మన దేశంలో దొరకడం కష్టంగా ఉండేది, 2014లో మాదకద్రవ్యాల చట్టం సవరించి దారి సులువు చేశారు. అలా దొరికిన మాత్రను సొంత కొడుకే ఎత్తుకుపోవడం నన్ను చాలా బాధపెట్టింది.

యేసు సిలువ మీద బోళము కలిపిన ద్రాక్షారసం పుచ్చుకోలేదు, నిజమే. ఆయన మోసింది మన బరువు. మీ నాన్నగారు ఎవరి పాపాన్నీ మోయడం లేదు, ఆయన నొప్పి ఎవరినీ రక్షించదు. అదే ప్రభువు చెప్పిన కథలో మంచి సమరయుడు దెబ్బలు తిన్నవాడి గాయాల మీద నూనె ఒక్కటే పోయలేదు, ద్రాక్షారసమూ పోసి కట్టు కట్టాడు. అన్నయ్య తెచ్చే నూనె తేనివ్వండి, ప్రార్థన చేయనివ్వండి. మాత్రలు మాత్రం ఇక మీ బీరువాలో ఉండాలి, తాళంచెవి మీ కొంగున ఉండాలి.

అన్నయ్యతో మాట్లాడేటప్పుడు విశ్వాసుల ముందు వద్దు, నాన్నగారి ముందు వద్దు. ఫోన్లో అసలే వద్దు. ఒక్కడినే పిలిచి అన్నం పెట్టి, ‘అన్నయ్యా, ఈ రాత్రి నాన్న దగ్గర నువ్వు పడుకో. ప్రార్థన చేయకపోయినా ఫర్వాలేదు, చెయ్యి పట్టుకో. ఆయన ఏం మాట్లాడినా విను, గద్దించకు’ అనండి. వాదనకు దిగితే, ‘నాన్న మందు డాక్టరు చెప్పినట్టే ఇస్తాను, ఇది నా ఇల్లు’ అని ఒక్క మాట అని ఊరుకోండి. గొంతు పెంచక్కర్లేదు. మీవారు గొడవలు వద్దంటే, గొడవ ఇప్పటికే ఉందనీ, అది నాన్నగారి మంచం మీద పడుతోందనీ చెప్పండి. ఆయన తోడుంటే సరే, లేకపోయినా ఆ మాట అనాల్సింది మీరే.

అన్నయ్య ఒక్క రాత్రి అక్కడ ఉండగలిగితే ఆయనకే మేలు. ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’ అని ఏడ్చిన తండ్రిని ప్రభువు వెళ్లగొట్టలేదు, అతని కొడుకును లేపి ఇచ్చాడు. ఆ ప్రార్థన చేయడానికి మీ అన్నయ్యకు ఇంతవరకూ చోటు దొరకలేదు. తండ్రి మంచం పక్కన, ఎవరూ చూడనప్పుడు, దొరకొచ్చు.

మీరు ఏడవకూడదని కూడా ఎవరో చెప్పే ఉంటారు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన సంఘం మీ నాన్నగారిది. ఆ సంఘం ఎవరి పేరు పెట్టుకుందో ఆ మార్టిన్ లూథర్, దానికి సరిగ్గా మూడు వందల ఏళ్ల ముందు 1542లో, పదమూడేళ్ల కూతురు మగ్దలేనా మంచం పక్కన మోకాళ్ల మీద పడి ఏడ్చాడు. ఈ తండ్రి దగ్గర ఉంటావా, ఆ తండ్రి దగ్గరకు వెళ్తావా అని అడిగాడు. దేవుడి చిత్తం నాన్నా, అంది ఆ పిల్ల. ఆమె పోయాక, ఆత్మలో సంతోషంగానే ఉన్నాను గానీ శరీరం తట్టుకోలేకపోతోందన్నాడు. ఐరోపానంతా కదిలించిన మనిషి ఏడ్చాడు. మీరు ఏడిస్తే ఏం తప్పు?

వాక్యం అడిగారు కాబట్టి చెప్తాను. 23వ కీర్తనే. అది ఆయనకు కంఠతా వచ్చు. అయినా చదవండి, భయం పోగొట్టడానికి కాదు, కలిసి చదవడానికి. మొదట్లో దావీదు దేవుడి గురించి ‘ఆయన’ అంటాడు, ఆయన పరుండజేస్తున్నాడు, ఆయన నడిపిస్తున్నాడు అని. గాఢాంధకారపు లోయ దగ్గరికి వచ్చేసరికి మాట మారిపోతుంది. ‘నీవు నాకు తోడై యుందువు’ అంటాడు. చీకట్లోకి వెళ్లాకే ‘ఆయన’ ‘నీవు’ అయ్యాడు. అక్కడ ఆగండి. మాస్టారు ఏమైనా చెప్తారేమో చూడండి, ఆయన చెప్తే మీరు పిల్లలా వినండి.

మాత్రల సంగతి తప్ప, వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి రాకుండా సమాధుల తోటకు వెళ్లండి. అమ్మగారి సమాధి పక్కన గడ్డి పీకించి, చోటు ఎంతుందో కొలిపించండి. సంఘం అయ్యగారితో మాట్లాడి, ఆ చోటు ఎవరికీ ఇవ్వకుండా పుస్తకంలో రాయించండి. ఫోన్లో ఒక ఫోటో తీయండి. రాత్రి మాత్ర వేసి, దుప్పటి సర్ది, ఆయన కళ్లజోడు పెట్టి, ఫోటో చూపించండి. ‘చోటుంది నాన్నా. అమ్మకు కుడిపక్కన’ అనండి. తర్వాత ఆయన ఏం మాట్లాడినా ఆపకండి.

లైటు వెలుగుతూనే ఉండనివ్వండి.