పీఎంఈజీపీ సబ్సిడీ వచ్చిందంటున్నారు, లోన్ మాత్రం తగ్గలేదు – సమాధానం

పీఎంఈజీపీ (సొంతంగా చిన్న యూనిట్ పెట్టుకునేవాళ్లకు కేంద్రం సబ్సిడీతో లోన్ ఇప్పించే పథకం) సబ్సిడీ ఎక్కడికీ పోలేదన్నా, బ్యాంకులోనే టీడీఆర్ (టర్మ్ డిపాజిట్ రసీదు) రూపంలో కూర్చుని ఉంటుంది. తాడిపత్రి దగ్గర పల్లెలో వదిన పేరు మీద 10 లక్షల నూనె గానుగ అన్నారు కదా, పల్లెలో మహిళకు 35 శాతం, అంటే 3.5 లక్షలు. సొంత వాటా 5 శాతం పోను బ్యాంకు ఇచ్చింది 9.5 లక్షలు. ఆ సబ్సిడీకి 3 ఏళ్లు తాళమే, ఆ తర్వాతే లోన్‌లో జమ చేస్తారు.

1. పాస్‌బుక్ కాదు, లోన్ స్టేట్‌మెంట్, టీడీఆర్ నకలు రెండూ అడగండి.

2. అందరూ వదిలేసేది ఇదే: టీడీఆర్ మీద మనకు వడ్డీ రాదు, కాబట్టి లోన్‌లో అంత మొత్తానికి వాళ్లూ వడ్డీ వేయకూడదు. ఎమ్మిగనూరు పక్కన మా పిండిమరకు మొత్తం అసలు మీదా వేసేశారు, టీడీఆర్ తేదీ చూపించి కాగితం రాసిస్తే గానీ సరిచేయలేదు (అది కూడా మూడుసార్లు తిరిగాక).

3. తనిఖీకి వస్తారు. గానుగ తిరుగుతుండాలి, వాకిలి దగ్గర పథకం బోర్డు ఉండాలి. బోర్డు లేకపోతే ఇప్పుడే రాయించండి.