సందేశం సరే, సినిమా ఏదీ?

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఫ్రెండ్స్‌తో కలిసి కట్నం మీద షార్ట్ ఫిల్మ్ తీస్తానని సెలవులన్నీ దానికే పెట్టేశాడు. సినిమా చూసి ఎవడు మారాడురా అని వాళ్ళ నాన్నగారి గొడవ. తీస్తే వీడికి ఒరిగేదేమిటని నా టెన్షన్. మీరేమంటారు?
– ఒక తల్లి, తణుకు

జవాబు: ముందు మీవారి సంగతి చూద్దామండీ. కట్నం మీద మనవాళ్ళు 1939లోనే ‘వరవిక్రయం’ తీశారు, కాళ్ళకూరి నారాయణరావు గారి నాటకం అది, భానుమతి గారికి మొదటి సినిమా. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. అయినా కట్నం పోలేదు, “మీ అమ్మాయికి మీరు పెట్టుకునేదే కదా” అని మాట మార్చారంతే. కాబట్టి మీవారి మాటలో నిజం లేకపోలేదు.

కానీ ఆ కథలో మెలిక చూడండి. అక్క కాళింది ఈ బేరం భరించలేక ప్రాణం తీసుకుంటుంది, పుచ్చుకున్న కట్నం పెళ్ళికొడుకు తండ్రి తిరిగివ్వనంటాడు, అప్పుడు చెల్లెలు కమల ఆ వరుణ్ణే చేసుకుని, డబ్బు పోసి కొన్నాం కాబట్టి మొగుడే మా ఇంట్లో ఉండాలి, నేను అత్తారింటికి రాను పొమ్మంటుంది! దీని ముందు ‘కట్నం తప్పు’ అనే డైలాగులు వంద రాసినా దిగదుడుపే. మీ వాడి స్క్రిప్టులో చివర హీరో ఉపన్యాసం ఉందేమో అడగండి. ఉండే ఉంటుంది. కొట్టేయమనండి.

ఇక మీ టెన్షన్. సినిమా తీస్తే బుద్ధులు వస్తాయని నేను అనను, పని మాత్రం వస్తుంది. నాలుగింటికి మొదలెట్టాల్సిన సీను ఆరింటికి మొదలెడితే వెలుతురు ఉండదు, ఒక షాట్‌లో కుడిచేతిలో ఉన్న గ్లాసు తర్వాతి షాట్‌లో ఎడమచేతిలో ఉంటే అది ఎడిటింగ్‌లో బయటపడుతుంది, పక్కింటి మిక్సీ ఆగేదాకా అందరూ నోరు మూసుకుని కూర్చోవాలి, సగం రోజు కష్టపడి ముచ్చటగా తీసుకున్న షాట్ కథకు అడ్డమైతే తన చేత్తోనే తీసేయాలి (ఇది మాత్రం పెద్దవాళ్ళకే చేతకాదు, మన మూడు గంటల సినిమాలే సాక్ష్యం). ‘మాయాబజార్’ తీసిన కె.వి.రెడ్డి గారు ఏ సీను ఎంత నిడివి ఉండాలో స్టాప్‌వాచ్ పట్టుకుని ముందే లెక్క చూసుకునేవారని చెప్పుకుంటారు. ఇప్పుడు ఫోన్ ఉంది, ఫిల్మ్ ఖర్చు లేదు, అందుకే కుర్రాళ్ళు ముందు తీసేసి తర్వాత ఆలోచిస్తున్నారు.

నటులు దొరకలేదని ఆగక్కర్లేదు. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో చాలామంది విశాఖలోని ఆ పేటవాళ్ళే, అంతకుముందు నటించినవాళ్ళు కారు. మీ వాణ్ణి కూడా మీ వీధివాళ్ళనే అడగమనండి, పెళ్ళికొడుకు తండ్రి వేషానికి ఏకంగా మీవారినే. నలుగురు పెద్దవాళ్ళను ఒప్పించి, టైముకు రప్పించి, భోజనం పెట్టి పంపడం కాలేజీలో చెప్పరు కదా.

డబ్బు అడిగితే మాత్రం ఖర్చులన్నీ కాగితం మీద రాసి చూపించమనండి. బ్యాక్‌లాగ్స్ ఏవైనా ఉంటే ముందు అవి, షూటింగ్ తర్వాత.