సెలవు పెట్టబోతున్న మేనకోడలికి

తెనాలి

చి॥ల॥సౌ॥ బుజ్జికి, మీ అత్తయ్య ఆశీర్వదించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. నిన్న మీ అమ్మ ఫోన్లో రెండు సంగతులు ఒక్క గుక్కలో చెప్పేసింది. నీకు అయిదో నెల వచ్చిందని ఒకటి. కాన్పయ్యాక ఆర్నెల్లు జీతంతో సెలవు, ఆపైన ఇంకో ఆర్నెల్లు జీతం లేకుండా సెలవు పెడుతున్నావని రెండోది. మొదటిదానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండోదానికి రాత్రంతా నిద్ర పట్టలేదు.

వద్దని చెప్పడానికి రాయడం లేదు. పెట్టుకో తల్లీ. బిడ్డకి ఏడాది నిండేదాకా దగ్గరుంటానని ఆఫీసులో నోరు తెరిచి అడిగావు చూడు, అది నాకు చాలా గర్వంగా ఉంది. నా రోజుల్లో పోస్టాఫీసులో మాకు 90 రోజులే. 1997లో 135 చేశారు, 2008లో 180 చేశారు. నా పిల్లలు అప్పటికే పెద్దవాళ్ళయిపోయారు. 90 రోజులు అయ్యాక మూడు వారాలు అర్ధజీతం సెలవు పెట్టుకుని, ఇక కుదరక చంటివాణ్ణి మా అత్తగారి చేతిలో పెట్టి వెళ్ళాను. మధ్యాహ్నం అయ్యేసరికి పాలు పొంగి జాకెట్టు తడిసిపోయేది. మనియార్డరు ఫారాల మీద ముద్రలు వేస్తూ, ఎదురుగా నిలబడ్డవాళ్ళకి కనబడకుండా కొంగు ముందుకి లాక్కునేదాన్ని. నీకు ఆ అవస్థ లేకుండా ఉండాలంటే ఆ రెండో ఆర్నెల్లూ కావాలి. కాబట్టి అవి గట్టెక్కే దారి చెబుతాను.

చిన్న చిన్నవి ముందు చెప్పేస్తాను. 2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాలు ఇవ్వాలని చట్టం. అందులో ఎనిమిది వారాల వరకు కాన్పుకి ముందే వాడుకోవచ్చు. కానీ ముందు వాడుకున్నంతా వెనక తగ్గిపోతుంది, డాక్టరమ్మ సరేనంటే వెనక్కే దాచుకో. సెలవు కాగితం రాతపూర్వకంగా ఇవ్వు, జవాబు కూడా రాతలోనే తీసుకో. పూర్తి జీతం అన్నా నైట్ షిఫ్టు అలవెన్సు, ఇన్సెంటివు లాంటివి వస్తాయో ఆగిపోతాయో పే స్లిప్పు దగ్గర పెట్టుకుని లైను లైనూ అడుగు. జీతం లేని నెలల్లో పీఎఫ్ పడదు. ఆ నెలల్లో మీ ఇన్సూరెన్సు సాగుతుందా, బిడ్డ పేరు ఎన్ని రోజుల్లోపు చేర్చాలి, కాన్పు ఖర్చుకి వాళ్ళు పెట్టిన హద్దు ఎంత అనేవి ఇప్పుడే కనుక్కో. పుట్టగానే బిడ్డని ఆస్పత్రి నర్సరీలో ఉంచాల్సి వస్తే ఆ బిల్లు వేరే వస్తుంది, దాని సంగతీ అడుగు. ఏడాది మొత్తం మీద నీ ఆదాయం తగ్గుతుంది కనుక టీడీఎస్, అంటే జీతంలోంచి ముందే పట్టుకునే పన్ను, కూడా ఆ మేరకు లెక్కగట్టమని చెప్పు. 50 మంది, ఆపైన ఉన్న ఆఫీసులో క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చు. సెలవయ్యాక కొన్నాళ్ళు ఇంటి నుంచి పని చేయడానికి ఒప్పుకుంటారేమో కూడా అడుగు. ఈ రెండిట్లో ఏది కుదిరినా జీతం లేని ఆర్నెల్లలో రెండో మూడో నెలలు తగ్గించుకోవచ్చు.

ఇప్పుడు డబ్బు లెక్క. నీ చేతికి నెలకి 80 వేలు వస్తుందనుకుందాం. సెలవులో ఆర్నెల్లకి 4,80,000 వస్తుంది. చాలామంది ఆ ఆర్నెల్లూ ఎప్పటిలాగే ఖర్చుపెట్టి, ఏడో నెల ఒకటో తారీఖున ఉలిక్కిపడతారు. అలా కాదు. అది ఆర్నెల్ల జీతం కాదు, ఏడాది జీతం అనుకో. 12 నెలలకి పరిస్తే నెలకి 40 వేలు. సెలవు మొదలైన మొదటి నెల నుంచీ నీ వైపు ఖర్చు ఆ 40 దాటకూడదు. ఆ మాటకొస్తే కాన్పుకి ఇంకా నాలుగు నెలలుంది కదా, ఇప్పటి నుంచే అలా బతికి చూడండి. ఎక్కడ ఇరుకవుతుందో కడుపులో బిడ్డ ఉండగానే తెలుస్తుంది, మిగిలిన 1,60,000 ఆస్పత్రికి ఉంటుంది. ఆ డబ్బు వేరే ఖాతాలో, కావాలంటే మర్నాటికల్లా చేతికొచ్చేలా ఉండాలి. జీవితమంతా కౌంటర్లో కూర్చుని జనం చేత ఆర్‌డీలు, అంటే నెలనెలా కట్టే పొదుపు వాయిదాలు, కట్టించిన నేనే చెబుతున్నాను, ఈ ఏడాది కొత్త ఆర్‌డీ వద్దు. పోస్టాఫీసులో ఉన్న పాతది నాలుగు వాయిదాల దాకా తప్పినా ఖాతా బతికే ఉంటుంది, వందకి రూపాయి చొప్పున అపరాధ రుసుము పడుతుంది, అంతే. నగల కొట్టు స్కీము ఏదైనా కడుతుంటే అది పూర్తిచేసి ఆపెయ్యి, కొత్తది మొదలుపెట్టకు.

అల్లుడుగారు బోనసు రాగానే ఇంటి లోనులో కట్టేద్దామంటున్నారని మీ అమ్మ చెప్పింది. మంచి బుద్ధే, కానీ ఇది సమయం కాదు. ఫ్లోటింగ్ వడ్డీ, అంటే మారుతూ ఉండే వడ్డీ, మీద తీసుకున్న ఇంటి లోనుకి ముందుగా కట్టినందుకు బ్యాంకులు జరిమానా వేయకూడదు. కనుక ఆ పని నువ్వు మళ్ళీ ఉద్యోగంలో చేరాక కూడా చేసుకోవచ్చు. ఇప్పుడు కట్టేసిన డబ్బు రేపు అవసరానికి కావాలంటే బ్యాంకు వెనక్కివ్వదు. మూడు నెలల ఈఎంఐ ఎప్పుడూ ఆయన ఖాతాలో ఉంచమను.

ఇంక అసలు సంగతి. ఇది నీకెవరూ చెప్పి ఉండరు. మీ అమ్మని అడిగి, ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను.

1994లో నువ్వు పుట్టేటప్పటికి మీ అమ్మ గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. మీ నాన్నది చిన్న కంపెనీలో ఉద్యోగం. నెలకి వెయ్యి చొప్పున 20 నెలల చీటీ ఒకటి కడుతుండేవాళ్ళు, 20,000 చీటీ. ఆ వాయిదా అచ్చంగా మీ అమ్మ జీతం మీద పెట్టుకున్నది. స్కూలువాళ్ళు కాన్పుకి మూడు నెలల జీతం ఇస్తామన్నారు. ఒక నెలది చేతిలో పెట్టారు, మిగిలింది వేసవి సెలవుల తరవాత అన్నారు. అది రాలేదు. ఆ సంగతి మీ అమ్మ మీ నాన్నకి చెప్పలేదు. ఆయన కంగారు పడతాడని, రేపో మాపో వస్తుందిలే అని. అదే రోజుల్లో మీ నాన్నకి ఓవర్ టైమ్ ఆగిపోయింది. ఆయన మీ అమ్మకి చెప్పలేదు. బాలింతకి దిగులు పెట్టకూడదని. ఒకరి మీద ఒకరికి ప్రేమ లేక కాదు బుజ్జీ, ఎక్కువై దాచుకున్నారు. ఆవిడ ఆయన దగ్గరుందనుకుంది, ఆయన ఆవిడ దగ్గరుందనుకున్నాడు.

నీ బారసాల దగ్గరికొచ్చింది. మొదటి పిల్ల, మా వైపు మొదటి మనవరాలు. ఊరందరినీ పిలవాలన్నారు మా నాన్న. కాదనడానికి మీ నాన్నకి నోరు రాలేదు. చీటీ మొదలైన నాలుగో నెలలోనే వేలంలో పాడేశాడు. 6,000 వదులుకుంటే 14,000 చేతికొచ్చింది. చీటీ ఎత్తుకున్న వాళ్ళ బాధ నీకు తెలుసో లేదో. డబ్బు ఒక్క రోజులో వస్తుంది, వాయిదాలు చివరిదాకా కట్టాలి. ఇంకా 16 ఉన్నాయి. డివిడెండు పోగా కట్టేది నెలనెలా తప్పదు, అది కట్టాల్సిన జీతమేమో ఆగిపోయింది. ఆ 14,000 ఎటు పోయిందంటే షామియానా, రెండు వందల మందికి భోజనాలు, ఆడపడుచులకి చీరలు. నాకూ ఒకటి పెట్టారు, నెమలికంఠం రంగు గద్వాల చీర. దాన్ని ఇప్పటికీ కట్టుకోవాలనిపించదు.

బారసాల రోజు నిన్ను ఉయ్యాల్లో వేస్తూ మీ అమ్మ వంగినప్పుడు చూశాను. మెడలో పుస్తెలు పసుపుతాడుకి ఉన్నాయి. పుట్టింటివాళ్ళు పెట్టిన నాలుగు కాసుల గొలుసు లేదు. అడిగితే, ఎత్తుకున్నప్పుడు పసిదానికి గుచ్చుకుంటోందని తీశానంది. బాలింత కదా, నిజమే అనుకున్నాను. అది అప్పటికే తాకట్టు కొట్లో ఉంది. 6,000కి పెట్టింది, నూటికి నెలకి రెండు రూపాయల వడ్డీ. నెలకి 120 అంటే తేలిగ్గానే కనబడుతుంది. చీటీ వాయిదా కడితే వడ్డీ కట్టడానికి ఉండదు, వడ్డీ కడితే వాయిదాకి ఉండదు. రెండున్నరేళ్ళకి వడ్డీయే 3,600 అయ్యింది. గడువు దాటిందని కొట్టువాడు గొలుసు అమ్మేసుకున్నాడు. మీ నాన్నకి ఆ రోజు తెలిసింది. గొలుసు పోయినందుకు ఆయన ఒక్క మాట అనలేదు. "నాకెందుకు చెప్పలేదు" అని మాత్రం అడిగాడు, మీ అమ్మ కూడా అదే మాట తిరిగి అడిగింది. మా వాకిట్లో కూర్చుని ఇద్దరూ ఏడ్చారు. నువ్వు మెట్లమీద బొమ్మతో ఆడుకుంటున్నావు.

అందుకే చెబుతున్నాను. జీతం తగ్గిన ఇంట్లో ఆ తగ్గిన అంకె ఇద్దరికీ ఒకే రోజు తెలియాలి. మీ దగ్గర యాప్‌లున్నాయి, సందేశాలొస్తాయి, అయినా దాచుకోవడానికి ఇప్పుడు ఇంకా ఎక్కువ చోట్లున్నాయి. క్రెడిట్ కార్డు ఒకటి చాలు. ప్రతి నెలా మొదటి ఆదివారం కాగితం మీద రాసుకోండి: వచ్చింది, పోయింది, మిగిలింది. అత్తగారింటికి పంపేది, మీ అమ్మకి పంపేది, అల్లుడుగారి స్నేహితుడికిచ్చిన చేబదులు, అన్నీ ఆ కాగితం మీదికి రావాలి.

ఇది చదివాక నీకు కోపమొచ్చినా సరే ఇంకోటి అంటాను. సీమంతానికి ఫంక్షన్ హాలు, ఫొటోలవాళ్ళు, చంటిపిల్ల బండి నో-కాస్ట్ ఈఎంఐలో... ఏమిటమ్మా ఇవన్నీ? జీతం తగ్గబోయే ముందు కొత్త వాయిదా నెత్తికెత్తుకోవడం మీ నాన్న చీటీ పాడుకోవడమే. సీమంతం ఇంట్లో చేసుకో. గాజులు తొడగడానికి హాలెందుకు? నేను వచ్చి చలిమిడి నా చేత్తో చేస్తాను.

నాకు అన్నిటికన్నా భయం మీ అమ్మ గురించి. మొదటి కాన్పు పుట్టింట్లోనే, ఖర్చంతా నాదే అని ఆవిడ ఇప్పటికే అందరికీ చెప్పుకుంటోంది. మీ నాన్న పోయాక ఆవిడ చేతిలో ఉన్నదెంతో నీకు తెలుసు. ఎలాగమ్మా అంటే "నేను చూసుకుంటాలే" అంది. ఆ మాట నేను 1994లోనూ విన్నాను. ఆస్పత్రి బిల్లు మీ ఇద్దరూ కట్టుకోండి, మీ ఇన్సూరెన్సులో వచ్చేది వస్తుంది. ఆ సంగతి నువ్వు చెబితే ఆవిడ నొచ్చుకుంటుంది, అల్లుడుగారి చేత చెప్పించు. ఆవిడ నీకు తలంటి పోస్తుంది, పథ్యం వండి పెడుతుంది, రాత్రుళ్ళు బిడ్డని ఎత్తుకుంటుంది. పురుడు పోయడమంటే అదే. ఆవిడ మెడ మీద కూడా ఒక కన్నేసి ఉంచు.

జీతం లేని ఆర్నెల్లలో కూరగాయలకీ ఆటోకీ ఆయన్ని అడగాల్సి రాకూడదు. ఒకటో తారీఖున ఆయన ఖాతా నుంచి నీ ఖాతాకి ఇంత అని తనంతట అదే పడేలా పెట్టించుకో. నువ్వు పని మానేసి కూర్చోవడం లేదు, ఆయన బిడ్డని పెంచుతున్నావు. పోస్టాఫీసు కిటికీ అవతల ఎంతమందిని చూశానో. భర్త పంపిన మనియార్డరు తీసుకుంటూ, పక్కనున్న మామగారి చేతికి మొత్తం ఇచ్చేసి, తిరిగి అందులోంచే బస్సు చార్జీ అడిగేవాళ్ళు. నువ్వు అలా నిలబడకూడదు.

పొదుపు నీ కంచంలోంచి మొదలుపెట్టకు. పాలు, గుడ్లు, పప్పు, ఆకుకూర తగ్గించడానికి వీల్లేదు. పనమ్మాయిని మానిపించకు, ఒంటికి విశ్రాంతి కావాలి. తగ్గించాలంటే టీకాల ఖర్చు దగ్గర తగ్గించుకో, టీకాలు మాత్రం ఒక్కటీ మానకు. పుట్టిన వెంటనే వేసే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి, తరవాత 6, 10, 14 వారాలకి వేసేవి, తొమ్మిదో నెలది, ఇవన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. రోటా, న్యూమోనియా టీకాలు కూడా అందులో ఉన్నాయి. నొప్పి తెలియని టీకా అని వేలు పోయనక్కర్లేదు, మీ పిల్లల డాక్టరుతో ఒక్క మాట అనుకుని వెళ్ళండి. జనన నమోదు 21 రోజుల్లోపు చేయించండి. ఆడపిల్లయితే సుకన్య ఖాతా తెరువు, నాకు సంతోషం, కానీ ఏడాదికి 250 వేసినా చాలు. ఆ డబ్బు పిల్లకి 18 ఏళ్ళు వచ్చేదాకానో, పదో తరగతి పాసయ్యేదాకానో మామూలుగా కదలదు, ఈ ఏడాది అంతకు మించి వేయకు.

ఈ ఆదివారం సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తాను. అల్లుడుగారిని కూడా కూర్చోబెట్టు. మీ ఇద్దరి పే స్లిప్పులు, లోను కాగితం, క్రెడిట్ కార్డు బిల్లు ముందు పెట్టుకోండి. అంకెలు నాకు చెప్పనక్కర్లేదు, మీరిద్దరూ ఒకళ్ళకొకళ్ళు చదువుకుంటే చాలు. మీ అమ్మ చేత కందిపొడి, కరివేపాకు కారం పంపిస్తున్నాను. కారం తక్కువే వేశాను, భయపడకుండా తిను.

ఇట్లు,
మీ అత్తయ్య