ఒక్క ఓటమితో సీజన్ ముగిసిపోతుందా? 2013 ఆబర్న్ జట్టును దగ్గరగా చూసిన అనుభవంతో

మీ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సెప్టెంబరులోనే ఒక ఆట ఓడిపోయిందనీ, ఇక ఈ ఏటి సీజన్ అయిపోయినట్టేనని మీ రూమ్మేట్లు అంటున్నారనీ, అది నిజమేనా అనీ అడిగారు. నిజం కాదు. ఎన్ని ఆటలు ఓడిపోయారన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు, ఎవరి చేతిలో ఓడిపోయారన్నదీ అంతే ముఖ్యం. 2013లో నేను అలబామా రాష్ట్రంలోని ఆబర్న్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదువుతున్నాను. ఆ జట్టు సెప్టెంబరు 21న ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) చేతిలో 35-21తో ఓడిపోయింది. అయినా జనవరిలో జాతీయ ఛాంపియన్‌షిప్ ఆట ఆడింది.

ఇక్కడ ఐపీఎల్‌లోలాగా అన్ని జట్లకూ కలిపి ఒకే పాయింట్ల పట్టిక ఉండదు. వందకు పైగా జట్లున్నాయి, ఒక్కొక్కదానికి రెగ్యులర్ సీజన్‌లో 12 ఆటలే ఉంటాయి. కనుక ప్రతి జట్టూ ముందు తన కాన్ఫరెన్స్‌లో, అంటే తానున్న జట్ల బృందంలో, నెగ్గుకురావాలి, ఆపైన దేశం మొత్తం మీద ర్యాంకింగులో పైకెక్కాలి. ఆ రోజుల్లో కోచ్‌ల వంటివారి ఓట్లతో జరిపే పోల్స్‌నూ కంప్యూటర్ లెక్కలనూ కలిపి తయారుచేసిన బీసీఎస్ జాబితాలో మొదటి రెండు స్థానాల్లో నిలిచిన జట్లే ఫైనల్ ఆడేవి.

అంతకు ముందు సంవత్సరం, 2012లో, ఆబర్న్ గెలిచినవి మూడు, ఓడినవి తొమ్మిది. కాన్ఫరెన్స్ ఆటలు ఎనిమిదింటిలో ఒక్కటీ గెలవలేదు. చివరి ఆటలో అలబామా చేతిలో 49-0తో చిత్తయింది. కోచ్‌ను తొలగించి గస్ మాల్జాన్‌ను తీసుకువచ్చారు. అందువల్ల ఎల్‌ఎస్‌యూ చేతిలో ఓడినప్పుడు క్యాంపస్‌లో పెద్దగా బాధపడినవారు నాకు కనిపించలేదు. అక్టోబరులో టెక్సస్ ఏ అండ్ ఎంను వాళ్ల మైదానంలోనే 45-41తో ఓడించిన తరువాతే, ల్యాబ్‌లో ఫుట్‌బాల్ ఊసెత్తని ప్రొఫెసర్లు కూడా సోమవారం ఉదయం ఆట గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

నవంబరు సంగతి వేరు. 16న జార్జియాతో జరిగిన ఆటలో, నాలుగో క్వార్టర్‌లో 37-17తో ముందున్న ఆబర్న్, చూస్తుండగానే 38-37తో వెనుకబడింది. 36 సెకన్లు మిగిలి ఉన్నాయి, నాలుగో డౌన్ (బంతిని ముందుకు తీసుకువెళ్లడానికి ఉన్న ప్రయత్నాల్లో చివరిది), ఇంకా 18 యార్డులు కావాలి. ఆబర్న్ ఆటగాడు నిక్ మార్షల్ విసిరిన బంతి ఇద్దరు జార్జియా డిఫెండర్ల దగ్గర తగిలి పైకి లేచి, అదే జట్టు రికార్డో లూయిస్ చేతుల్లో పడింది. అది 73 యార్డుల టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం) అయింది. దీన్ని నేను అదృష్టమనే అంటాను, ఆబర్న్ అభిమానులు ఒప్పుకోకపోయినా సరే.

రెండు వారాల తరువాత, నవంబరు 30న, నంబర్ వన్ అలబామా మా జోర్డన్-హేర్ స్టేడియానికి వచ్చింది. నేను స్టూడెంట్ సెక్షన్‌లో ఉన్నాను. స్కోరు 28-28. సమయం అయిపోయిందనుకున్నాక, రివ్యూలో గడియారానికి ఒక్క సెకను తిరిగి కలిపారు. అలబామా 57 యార్డుల ఫీల్డ్ గోల్‌కు (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్యగా పంపడానికి) ప్రయత్నించింది, బంతి చేరలేదు. అలా చేరని బంతిని పట్టుకుని పరుగెత్తవచ్చునన్న నియమం నాకు అప్పటిదాకా తెలియదు. ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ మైదానం చివరనుండే ఎండ్ జోన్ లోపల దాన్ని పట్టుకుని, మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఫీల్డ్ గోల్ కోసం నిలబెట్టేది ఎక్కువగా భారీకాయులనే. వేగంగా పరుగెత్తేవాణ్ణి వెంటాడి ఆపడం వాళ్లకు కష్టం. ఆబర్న్ 34-28తో గెలిచింది. జనంతో పాటు నేనూ క్యాంపస్ పక్కనున్న టూమర్స్ కార్నర్ కూడలి దాకా నడిచాను. అక్కడి పాత ఓక్ చెట్లకు 2010లో ఒక అలబామా అభిమాని విషం పెట్టగా, 2013 ఏప్రిల్‌లో వాటిని కొట్టివేయవలసి వచ్చింది. అయినా గెలుపు ఆనవాయితీ ప్రకారం టాయిలెట్ పేపర్ చుట్టలు గాలిలోకి లేస్తూనే ఉన్నాయి.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ రాత్రి కాన్ఫరెన్స్ పట్టికలో ఉంది. ఆబర్న్, అలబామా రెండూ పదకొండేసి ఆటలు గెలిచి ఒక్కొక్కటి ఓడిపోయాయి. కాన్ఫరెన్స్‌లో కూడా రెండింటికీ ఒక్కొక్క ఓటమే. ఆబర్న్ ఓటమి సెప్టెంబరులో, తరువాత టైటిల్ పోటీలో లేకుండా పోయిన జట్టు చేతిలో వచ్చింది. అలబామా ఓటమి చివరి వారంలో, నేరుగా తన పోటీదారు చేతిలో వచ్చింది. అందుకే అట్లాంటాలో ఎస్‌ఈసీ (ఈ రెండు జట్లూ ఉన్న కాన్ఫరెన్స్) ఛాంపియన్‌షిప్ ఆడే అవకాశం ఆబర్న్‌కే దక్కింది. డిసెంబరు 7న మిస్సోరీని 59-42తో ఓడించింది, ట్రే మేసన్ ఒక్కడే 304 యార్డులు పరుగెత్తాడు. అదే రాత్రి ఒహాయో స్టేట్ జట్టు మిషిగన్ స్టేట్ చేతిలో ఓడిపోవడంతో రెండో స్థానం ఖాళీ అయింది. ఎక్కడో మరొకరు ఓడిపోతేనే తలుపు తెరుచుకునే పద్ధతి నాకు ఇప్పటికీ న్యాయంగా తోచదు. ఫైనల్‌లో ఫ్లోరిడా స్టేట్ 13 సెకన్లు మిగిలి ఉండగా టచ్‌డౌన్ చేసి 34-31తో గెలిచింది.

మీకు అంత ఇబ్బంది లేదు. 2024 నుంచి ప్లేఆఫ్‌లో 12 జట్లకు చోటు ఉంది కనుక రెండు ఓటములున్న జట్టుకు కూడా అవకాశం ఉంటుంది. మీ జట్టు ఓడింది కాన్ఫరెన్స్‌లోని జట్టు చేతిలోనా, బయటి జట్టు చేతిలోనా అన్నది ముందు చూడండి. బయటిదైతే కాన్ఫరెన్స్ టైటిల్ దారికి ఏ అడ్డూ లేనట్టే. నవంబరు చివరి వారం ఆట మీ క్యాంపస్‌లోనే అయితే స్టూడెంట్ టికెట్లు ఎప్పుడు ఇస్తారో ఇప్పుడే కనుక్కోండి.